చూద్దాం డాక్టరమ్మ కొత్త గొట్టం

ఆ ఆస్పత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ చూద్దాం డాక్టరమ్మ. పసిపిల్లల గుండెకి ఆపరేషన్ జరిగేటప్పుడు, కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో ఎకో తీసి, అంటే శబ్ద తరంగాలతో గుండె బొమ్మని తెర మీద చూసి, చెప్పడం ఆవిడ పని. సర్జన్ గారు ఎంత ముచ్చటగా కుట్టినా, ఈవిడ తెర మీద చూసి "సరే" అనేదాకా ఆ ఛాతీ మూయడానికి వీల్లేదు. ఈవిడేమో అంత తేలిగ్గా "సరే" అనే మనిషి కాదాయె. "ఆగండి, ఇంకో కోణంలో ఒక్కసారి చూద్దాం" అంటుంది. చూశాక, "అటునుంచి కూడా చూద్దాం" అంటుంది. ఈలోగా సర్జన్ గారు చేతులు కట్టుకుని కప్పు వంక చూస్తూ నిలబడాలి. ఆయనకి అసలే ముక్కు మీద కోపం.

"అద్దంలో మొహం చూసుకోవడానికి మీకు ఎన్ని రోజులు పడుతుందండీ?" అని ఆయన ఒకసారి నిలదీశాడు.

"నా మొహానికి మీరు కుట్లు వెయ్యలేదుగా. ఒక్క చూపు చాలు" అందావిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇంట్లోనూ ఇదే వరస. పొయ్యి మీద అన్నం పెడితే నిమిషానికోసారి మూత తీస్తుంది. "దాన్ని ఉడకనివ్వవే తల్లీ, నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే సిగ్గుపడి ఛస్తోంది" అని అత్తగారు గరిటె లాక్కుంటుంది. బయటికి వెళ్ళేటప్పుడు తాళం వేసి వీధి మలుపు దాకా నడిచి, తాళం పడిందో లేదో చూడడానికి మళ్ళీ వెనక్కొస్తుంది. మొగుడు మలుపు దగ్గరే నిలబడి ఎదురుచూస్తాడు. ఎందుకు వెళ్ళావని అడగడం ఆయన ఎప్పుడో మానేశాడు. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆవిడ ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒక పాప గుండెలో చిన్న లీకు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఆ పాప మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు. ఆవిడ ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడదు.

ఈ ఎకో తియ్యడానికి రెండు దారులున్నాయి. కాస్త ఎదిగిన పిల్లలకైతే గొంతులోంచి అన్నవాహికలోకి ఒక గొట్టం దింపుతారు. దాని కొసన ఉండే కన్ను గుండెని వెనకనుంచి చూస్తుంది. మరీ పసికందులకి ఆ గొట్టం లావైపోతుంది కాబట్టి, వేరే పరికరాన్ని శుభ్రమైన తొడుగులో పెట్టి, తెరిచిన ఛాతీలో గుండె మీదే ఆనిస్తారు. ఆనించేది సర్జన్ గారి చెయ్యి. అక్కడే వచ్చింది తంటా. తను చూడాల్సిన బొమ్మ ఇంకొకరి చేతిలో ఉండడం డాక్టరమ్మకి బొత్తిగా గిట్టదు.

అందుకే, పసికందుల కోసమే చేసిన సన్నటి గొట్టం ఆస్పత్రికి వచ్చిన రోజున ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. కనబడ్డవాళ్ళందరికీ చూపించింది. ఫోటో తీసి అత్తగారికి కూడా చూపించింది.

"చెవిలో గుబిలి తీసుకునేదా?" అంది అత్తగారు.

దాన్ని వాడే అవకాశం కూడా తొందరగానే వచ్చింది. పుట్టి ఇంకా నెల నిండని బాబు. ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చే నాళాలు గుండెలో ఎడమ గదిలో కలవాల్సింది పోయి, దారితప్పి ఇంకెక్కడో కలిశాయి. వాటిని గుండె వెనకవైపున ఎడమ గదికి అతికించాలి.

"ఈ బాబుకి గొట్టం వద్దేమో డాక్టర్" అన్నాడు మత్తు డాక్టర్. ఆయన మాట్లాడడమే తక్కువ. "అతుకు సరిగ్గా అన్నవాహిక ముందే పడుతుంది. నొక్కుకుంటుందేమో."

"ఇది నొక్కుతుందా? మీ పెన్నులో రీఫిల్ దీనికంటే లావుగా ఉంది. నేను చూసుకుంటాగా!"

ఆయన ఇక మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడమే ఆయన చేసిన తప్పు.

అతుకు వెయ్యడం అయింది. ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంతసేపూ గుండె పని తను చేసిన పంపుని మెల్లగా ఆపేశారు. డాక్టరమ్మ గొట్టం దింపి తెర వైపు వంగింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కుయ్ కుయ్‌మని చెప్పే మిషన్ ఒకటి అక్కడుంటుంది. ఆక్సిజన్ పడిపోతే దాని గొంతు కూడా దిగిపోతుంది. అది మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"అతుకు ఇరుగ్గా ఉంది" అంది డాక్టరమ్మ.

"ఇరుకా? కొలిచి మరీ కుట్టానండీ!"

"మీరు కొలిచింది ఆగిన గుండె మీద. ఇప్పుడది కొట్టుకుంటోంది. ఉండండి, ఇంకాస్త దగ్గరగా చూద్దాం."

చేతిలో ఉన్న చక్రం తిప్పి గొట్టం కొసని ముందుకి వంచింది. తెర మీద ఇరుకు ఇంకా ఇరుకైంది. మిషన్ గొంతు ఇంకా దిగింది. సర్జన్ గారు అరుస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన అరవలేదు. అప్పుడు నిజంగా భయమేసింది అందరికీ.

"అమ్మా, ఆలోచించి చెప్పండి" అన్నాడాయన నెమ్మదిగా. "మళ్ళీ విప్పమంటారా?"

మళ్ళీ విప్పడమంటే మళ్ళీ పంపు పెట్టాలి, గుండెని ఆపాలి. అంత చిన్న గుండె రెండోసారి ఆపితే మళ్ళీ లేస్తుందని ఎవరూ మాటివ్వలేరు. అలాగని విప్పకుండా వదిలేస్తే, ఆ ఇరుకుతో ఊపిరితిత్తులు నీరుపట్టి బాబు బతకడు.

"విప్పాలి" అంది డాక్టరమ్మ.

సంగతి చెప్పడానికి నర్సు బయట కూర్చున్న ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. పంపు చూసే ఆయన గొట్టాలు సర్దుతున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మకి తుమ్ము వచ్చింది. ఆపుకుందామని చూసింది. అది ఆగే రకం తుమ్ము కాదు. గబుక్కున మొహం భుజం వైపు తిప్పుకుని, మాస్కులోపలే హాచ్‌మని తుమ్మింది. చక్రం మీద పట్టు సడలింది.

మిషన్ గొంతు లేచింది. మత్తు డాక్టర్ తలెత్తి చూశాడు.

"డాక్టర్, ఇంకోసారి తుమ్ముతారా?"

"ఏంటీ?"

"మీరు తుమ్మగానే ఆక్సిజన్ పెరిగింది."

"తుమ్ముతో గుండె బాగవుతుందని ఏ కాలేజీలో చెప్పారయ్యా నీకు?" అని సర్జన్ గారు గయ్‌మన్నాడు.

డాక్టరమ్మ మాత్రం తన చేతి వంక చూసుకుంటోంది. చక్రం కొంచెం తిప్పింది. మిషన్ గొంతు దిగింది. వదిలింది. లేచింది. ఇన్నేళ్ళుగా ఈ గదిలో తన మాట తప్పు పోలేదు. ఇంకో కోణంలో చూద్దామన్న పాడు మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది.

"ఆపండి. విప్పొద్దు. మీ అతుక్కి ఏమీ కాలేదు. నొక్కుతున్నది నేను."

గొట్టం బయటికి లాగేసింది. ఆక్సిజన్ పైకి ఎక్కింది, అక్కడే నిలబడింది. సర్జన్ గారు తొడుగు వేసిన రెండో పరికరం అందుకుని బాబు గుండె మీద ఆనించాడు.

"ఎటు?"

"కొంచెం ఎడమకి. అయ్యో, మీ ఎడమ కాదండీ, బాబు ఎడమ!"

"వాడి ఎడమ నాకు కుడండీ! మొదట్నుంచీ ఆ ముక్క చెప్పొచ్చుగా!"

"కదలకండి!" అని కసిరింది. తెర మీద అతుకు విశాలంగా కనబడింది. రక్తం ఏ తొందరా లేకుండా గదిలోకి పారుతోంది. ఆవిడ ఒక్క చూపే చూసింది.

"సరే" అంది. "మూసెయ్యండి."

బయటికి తనే వెళ్ళింది. మళ్ళీ పంపు పెడతారన్న మాట విని బాబు తల్లి గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. అమ్మమ్మ కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ వాళ్ళ ముందు కింద కూర్చుంది.

"విప్పక్కర్లేదమ్మా. అంతా బావుంది. మిమ్మల్ని హడలగొట్టింది నేనే. నా గొట్టం నొక్కుకుని అలా కనబడింది. తప్పు నాది."

అమ్మమ్మకి గొట్టం సంగతి అర్థం కాలేదు. డాక్టరమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అవన్నీ నాకెందుకు తల్లీ. ఒక్కటి చెప్పు. వాడిక ఏడవొచ్చా?"

బాబు ఏడిస్తే చాలు, నల్లగా కమిలిపోయి ఊపిరి అందక గిలగిల్లాడేవాడట. అందుకని పుట్టిన దగ్గర్నుంచి వాణ్ణి ఏడవనివ్వలేదు. పెదవి విరవగానే ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్ళు. వంతులేసుకుని రాత్రంతా భుజాన మోసేవాళ్ళు. ఇంటిల్లిపాదీ మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు.

"ఏడవొచ్చమ్మా" అంది డాక్టరమ్మ. "తనివితీరా ఏడవొచ్చు."

కొన్నాళ్ళకి, ఊపిరి గొట్టం తీసేశాక, బాబుకి ఆకలేసింది. ముందు బొంగురుగా కీచుమన్నాడు. తర్వాత ఊపిరి పీల్చుకుని వార్డు అదిరిపోయేలా లంకించుకున్నాడు. మొహం ఎర్రగా కందగడ్డైంది గానీ ఎక్కడా నలుపు లేదు. పక్క మంచాల వాళ్ళు విసుక్కున్నారు. నర్సు పాలసీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తల్లి కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది. అమ్మమ్మ నర్సుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండమ్మా, పాలు కాసేపాగి పట్టొచ్చు" అంది. "వాడి గొంతు మేమింకా సరిగ్గా విననే లేదు."