చివరి పేరాలోని ఎలుకలు

ఈ ఉదయం కాఫీ తాగి గ్లాసు కింద పెడుతుంటే మా ఆవిడ తన ఫోను తెచ్చి నా కళ్లద్దాల ముందు పెట్టింది. జామాకు కషాయం తాగితే షుగరు మాయమట, పరిశోధనలో తేలిందట, పేపర్లో పడ్డ ముక్కనే ఎవరో ఫోటో తీసి పంపారట. టేబులు మీద పరిచిన పాత లేసు గుడ్డ మీద తన షుగరు మాత్రల అట్ట కదలకుండా పడి ఉంది. నాలుగు రోజులు ఇవి ఆపి చూస్తే ఏం పోతుందండీ అని ఆవిడ ఊరికే అన్నట్టు అంది. ఆ లేసు గుడ్డ అల్లిన మనిషి కూడా ఒకప్పుడు సరిగ్గా ఇలాగే అనుకుంది, అనుకునేలా చేసినవాణ్ణి నేనే.

అమ్మ నా పసితనంలోనే పోతే నన్ను పెంచింది నరసాపురంలో మా మేనత్త. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో ఆడవాళ్లంతా దారపు ఉండలు ఒళ్లో వేసుకుని లేసు అల్లడానికి మా అరుగు మీద చేరేవారు. చేతులకి పనుండేది, చెవులు ఖాళీగా ఉండేవి, అందుకని వంతులవారీగా ఒకరు సూది పక్కన పెట్టి పేపరు పైకి చదవాలని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వంతు ఎవరిదైనా చదివేది అత్తయ్యే, మిగతావాళ్లు కూడబలుక్కుంటూ చదివితే వినే ఓపిక ఆవిడకి లేదు. సినిమా కబుర్ల దగ్గర సూదులు నెమ్మదించేవి, దొంగతనాల దగ్గర పూర్తిగా ఆగిపోయేవి. నేను రాజమండ్రిలో ఒక పేపర్లో చేరిన దగ్గర్నుంచీ అందులో అచ్చయ్యే ప్రతి అక్షరమూ, పెళ్లి ప్రకటనలతో సహా, నేనే రాస్తానని ఆ అరుగు నమ్మకం.

నిజానికి నేను రాసేదేమీ లేదు. టెలిప్రింటరు మీద ఇంగ్లీషులో వచ్చే వార్తల్ని తెలుగులోకి దించడం నా ఉద్యోగం. నేను చదివింది కామర్సే అయినా వారానికొకసారి ఆరోగ్యం పేజీ కూడా నా నెత్తినే పడేది. చేరిన మొదటి రోజే మా డెస్కు పెద్దాయన ఒక పాఠం చెప్పారు, చోటు చాలకపోతే వార్తని కింది నుంచి కొట్టేసుకుంటూ రావాలని, అసలు సంగతంతా పైనే ఉంటుందని. ఎన్నికలకీ బస్సు ప్రమాదాలకీ ఆ సూత్రం చక్కగా పనికొచ్చేది. ఆరోగ్యం వార్తల్లో అసలు సంగతి అట్టడుగున ముడుచుకు కూర్చుంటుందని నాకు తెలియదు, తెలుసుకోవాలన్న బుద్ధీ లేదు.

ఒక వారం మెంతుల మీద వార్త వచ్చింది. మెంతుల సారంతో షుగరు తగ్గినట్టు కనిపించిందని పైన ఉంది. అలా చూసింది ఎలుకల్లోనని, మనుషులకి పనిచేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమని, వాడుతున్న మందులు ఎవరూ మానకూడదని చివరి పేరాలో ఉంది. ఇంతలో పక్కనే ఒక చీరల కొట్టు ప్రకటన అనుకున్నదానికన్నా పెద్దదై వచ్చి కూర్చుంది, నాలుగు లైన్లు ఎక్కువయ్యాయి, నేను చివరి పేరా కొట్టేశాను. పైగా ‘మెంతులుండగా మాత్రలెందుకు?’ అని హెడ్డింగు పెట్టాను. పెద్దాయన భుజం తట్టారు. ఆ సాయంత్రం గోదావరి గట్టు మీద నడుస్తుంటే నా అంతవాడు లేడనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అత్తయ్యకి అప్పటికే షుగరుంది. ఆ ముక్కని అరుగు మీద రెండుసార్లు పైకి చదివి, మావాడు నాకోసమే రాశాడని అందరికీ చెప్పి, కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకుని, మర్నాటి నుంచి మాత్రలు మానేసి మెంతులు నానబెట్టుకుందట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు, రాసినవాడికే మళ్లీ చెప్పడమేంటని ఆవిడ ఉద్దేశం. కొన్ని నెలల తర్వాత సెలవు మీద వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని లేసు పువ్వుని కంటికి ఆనించుకుని చూస్తోంది. కళ్లు మూసుకుని కూడా తప్పు లేకుండా అల్లగల మనిషి, అల్లింది విప్పుతోంది, మళ్లీ అల్లుతోంది, మళ్లీ విప్పుతోంది.

భీమవరంలో కళ్ల డాక్టరు గారికి చూపిస్తే ఒక కన్ను పోయినట్టేనని, రెండోది కొంత నిలుస్తుందని అన్నారు. ఆవిడని బయట కూర్చోబెట్టి, జరిగినదంతా ఆయనకి చెప్పి, ఇది నా వల్లేనా అని అడిగాను. మాత్రలు మానడం చేటు చేసిందండీ, కానీ అదొక్కటే కారణమని చెప్పలేం అన్నారాయన. చెప్పలేం! చోటు చాలక నేను కొట్టేసిన మాటే అది. అంత చిన్నమాటలో ఎంత దయ ఉంటుందో, అది నా మీదికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

తిరుగు బస్సులో అత్తయ్యకి అన్నీ ఒప్పుకున్నాను. ఆవిడ “ఎలుకలకా? ఆ ముక్కేదో ఉంచుంటే మెంతులు ఎలుకలకే పోసేదాన్ని కదరా” అని నవ్వి నా తల నిమిరింది. తిట్టినా బాగుండేది. ఆ నవ్వుకి నేను బస్సులో అందరి ముందూ ఏడ్చాను.

సవరణ వేద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు, ఎవరూ అడగందే పాత వార్తకి సవరణేంటన్నారు. ఇక నాకు మిగిలింది ఆ అరుగే. నా వీక్లీ ఆఫ్ రోజున రైలెక్కి నరసాపురం వెళ్లి, ముందు ఆ కొట్టేసిన పేరా వాళ్లందరికీ చెప్పాను. ఇంకో ఇద్దరు కూడా మాత్రలు మానేశారని అప్పుడు బయటపడింది, వాళ్లు మళ్లీ వేసుకోవడం మొదలుపెట్టారు. అత్తయ్య ఇక చదవలేదు కనుక ప్రతివారం ఆ వంతు నాదే అయింది. ఆరోగ్యం మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు సూది ఆపి, “ఎవరి మీద చూశారంట బాబూ, మనుషులా ఎలుకలా?” అనేవారు. చాలాసార్లు మా పేపర్లోనే దానికి జవాబుండేది కాదు. ఉండని రోజున అత్తయ్య, అయితే వదిలెయ్యరా, తర్వాతది చదువు అనేది.

మిగిలిన ఆ కాస్త చూపుతో, వేళ్లతో తడుముకుంటూ నా పెళ్లికి ఆవిడ అల్లి ఇచ్చిందే ఈ లేసు గుడ్డ. మూలనున్న పువ్వుకి ఒక రెక్క తక్కువ. సరిచేయిస్తానని ఎవరో అడిగినా నేను ఇవ్వలేదు.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆ మధ్య నరసాపురం వెళ్తే అరుగు అలాగే ఉంది, లేసు అల్లేవాళ్లూ ఉన్నారు, కాకపోతే ఎవరింట్లో వాళ్లు, ఎవరి చెవిలో వైరు వాళ్లది. తప్పుడు వార్తలు అప్పుడూ ఉండేవి, వాటిలో కొన్ని నావే. కానీ పదిమంది కలిసి వినేవారు, ఆ పదిమందిలో ఒక్కరు అడిగితే పదిమందీ బతికిపోయేవారు.

ఈ కథ మా ఆవిడకి కొత్త కాదు. నా ముఖం చూసి ఫోను మళ్లీ తీసుకుని, వేలితో పైకీ కిందికీ జరిపి చూసింది. ఫోటో తీసినవాళ్లు వార్తని సగంలోనే కత్తిరించారు. “ఎవరి మీద చూశారో ఇందులో లేదండీ” అని, అట్టలోంచి మాత్ర తీసి నీళ్లు అడిగింది. గ్లాసు నింపి అందించాను. అడిగే మనిషి పక్కన లేక, ఈ ఉదయం ఎన్ని ఇళ్లలో మాత్రలు అట్టలోనే ఉండిపోయాయో.