ఎస్తేరు మేడం అడిగే మొదటి ప్రశ్న

ఒడిశాలోని ఈ అంగుల్ సంతలో పొద్దున్నే తడి కొత్తిమీర వాసన తగిలితే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. అచ్చం చేవెళ్ల మార్కెట్ వాసన. కట్ట చేతిలోకి తీసుకుంటాను కానీ ధర అడగను. అమ్మే ముసలావిడే చెప్పాలి. మా బాపుది చేవెళ్లలో స్టీలు సామాన్ల దుకాణం. "ముందు నోరు తెరిచినోడు ఓడినట్టే" అన్నది నాకు అన్నప్రాసన నాడే పెట్టిన ముద్ద. దాన్ని చాలామటుకు కక్కించిన మనిషి ఎస్తేరు మేడం.

ఆవిడ చేవెళ్ల కోర్టులో సీనియర్ లాయరు. మొయినాబాద్‌లో లా చదివి నేను ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి రోజే, చేవెళ్ల దగ్గరి ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి ఒకామె తమ్ముళ్లతో భూమి తగాదా అంటూ వచ్చింది. నేను పెన్ను పట్టుకుని, బేరానికి కూర్చున్న సేటులాగా ఆమే మొదలుపెట్టాలని చూస్తున్నాను. ఆమె కొంగు నలుపుకుంటూ నన్ను చూస్తోంది. ఎవరూ ఓడలేదు, పనీ జరగలేదు.

మేడం వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "తిన్నవా అవ్వా? ఏ బస్సుకొచ్చినవ్? ఇంటికాడ ఎవరున్నరు?"

బస్సు దగ్గర మొదలైన మాట కాసేపట్లో చిన్న తమ్ముడి దగ్గరికి, అక్కడి నుంచి దున్నేసిన గట్టు దగ్గరికి చేరింది. ఆమె వెళ్లాక మేడం నా వైపు తిరిగారు. "గిదేమన్న గిన్నెల దుకాణమా బిడ్డా? ఆమె ఇంటికాడ ఓడినంకనే ఈడికొచ్చింది. ఇంక నువ్వెవరి మీద గెలుస్తవ్?"

తిండి, బస్సు, ఇల్లు. ఆ మూడూ అడిగేదాకా ఏ కేసులోనూ నన్ను ఫైలు ముట్టనిచ్చేవారు కాదు.

కార్మికుల కేసులు చూసే ఒక సంస్థ అంగుల్‌లో లాయరు కావాలని ప్రకటించింది. అప్పటికి చేవెళ్లలో కక్షిదారులకన్నా లాయర్లమే ఎక్కువున్నట్టు అనిపించేది. బాపు నా డిగ్రీని గిన్నె మోగించి చూసినట్టు చూశాడు. "ఈడి సరుకు గంత దూరం నడుస్తదా?"

"చట్టం దేశమంతట ఒక్కటే బాపు" అన్నాను. లోపల నాకూ నమ్మకం లేదు.

మేడం అవుననలేదు, కాదనలేదు. ఆ వారమే చందనవెల్లికి వెంట తీసుకెళ్లారు. అక్కడి కార్ఖానాలో, అంగుల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒడిశా కూలీ సుశాంత్ చెయ్యి మిషన్‌లో నలిగింది. "మాట్లాడు" అన్నారు. నేను పరిహారం చట్టమంతా మన హైదరాబాదీ హిందీలో వినిపించాను. అన్నిటికీ తలూపాడు. కేసు ఖాయమనుకున్నాను.

అప్పుడు మేడం వచ్చీరాని హిందీలో, "ఖానా ఖాయా బేటా? ఘర్ మే కౌన్ హై?" అన్నారు. అతను మర్నాటి రైలుకే వెళ్లిపోతున్నానన్నాడు. ఇంట్లో తల్లి ఒక్కతే. పనికి తెచ్చిన మేస్త్రీ వాళ్ల ఊరివాడే. కేసు పెడితే ఆమెను ఊళ్లో బతకనివ్వనన్నాడట. నా ఉపన్యాసానికి తలూపింది నేను తొందరగా ముగిస్తానని.

తిరుగుదారిలో మేడం అన్నారు. "ఈ కేసు వాని ఊరి నుంచి గూడ ఏయొచ్చు. చట్టం నడుస్తది, ఫికర్ చెయ్యకు. నువ్వు నడుస్తవా అన్నదే చూడాలె. నోరు మూసుకున్నా, ఉపన్యాసమిచ్చినా ఒక్కటే. రెండిట్ల అవతలి మనిషి లేడు."

అంగుల్‌లో నన్ను మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. రెండు నెలలు గడిచినా నా దగ్గరికి ఒక్క కూలీ రాలేదు. తిరిగెళ్తే కూర్చోవడానికి బాపు దుకాణంలో కౌంటర్ వెనక నా స్టూలు ఉండనే ఉంది. ఆఖరికి సుశాంత్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, గడపలో కూర్చున్న అతని తల్లిని "ఖాయిలే కి?" అని అడిగాను. తిన్నారా అని. నా ఒడియాకు ఆవిడ పగలబడి నవ్వింది. తర్వాత పీట వేసింది. మేస్త్రీ సంగతి తనే ఎత్తి, "వాడు కాక ఊళ్లో నాకింకెవరూ లేరా? కేసు వెయ్యి" అంది. మా ఆఫీసులో నేను వేసిన మొదటి కేసు ఆ ఇంటిదే. నన్ను ఉంచుకున్నారు.

మేడం పోయినేడు వానాకాలంలో చనిపోయారు.

సంతలో నేను ఇప్పటికీ ధర అడగను. "ఖాయిలే కి?" మాత్రం అడుగుతాను. ముసలావిడ ఇంకా తినలేదంటుంది, కోడలి మీద నాలుగు చాడీలు చెబుతుంది, ఆపైన సంతలో ఎక్కడా లేని ధర చెబుతుంది. ఇచ్చేస్తాను. తినలేదన్న మనిషితో బేరం ఎట్లా ఆడాలో బాపు నేర్పలేదు.