గాలికి ఆరిన కొవ్వొత్తులు

నంద్యాలలో ఉదయం ఏడు గంటల బస్సెక్కాను. ఒళ్లో రెండు మట్టి పూలకుండీలు, ఒకదాంట్లో ఒకటి. సంచిలో మూడు ఇటుక ముక్కలు, ఒక రేకుడబ్బా. డిసెంబరు మంచుకు కిటికీ ఊచలు తడిగా ఉన్నాయి.

ఆళ్లగడ్డలో అక్కకు నెలలు నిండకముందే ఆడబిడ్డ పుట్టి ఇరవై రోజులైంది. బిడ్డ పాదాలు చల్లబడుతున్నాయని బావ జాబు రాశాడు. కుంపటి పెడితే పొగకు అక్క అత్తగారికి ఉబ్బసం లేస్తుంది. కొవ్వొత్తులతో కుండీని వేడిచేసే పద్ధతి లైబ్రరీలో ఒక పాత వారపత్రికలో చదివి డైరీలో రాసుకున్నాను.

పక్కసీటు పెద్దమ్మ కుండీలు చూసి, "ఏం పాపా, ఆళ్లగడ్డలో కుండలు దొరకవనుకున్యావా?" అంది. వెనక సీట్లవాళ్లు నవ్వారు.

"పూలకు కాదు, పసిబిడ్డకు," అన్నాను. ఆమె నవ్వు ఆపి, శిరివెళ్ల దాటేదాకా పెద్ద కుండీని తన ఒళ్లో పట్టుకుంది.

ఎనిమిదిన్నరకు దిగి పావుగంట నడిచాను. రెండేళ్ల కిందట తొలి కాన్పుకు నంద్యాల వచ్చిన అక్క, తొమ్మిది రోజుల కొడుకును అక్కడి సమాధుల తోటలో వదిలి వెళ్లింది. మళ్లీ మా ఊరు రాలేదు. ఈ కాన్పుకూ రానంది.

అత్తగారు పెట్టిన ఉగ్గాని తిని పనిలో దిగాను. కిటికీ రెక్క ఒకటి తెరిచాను. గాలి ఆడేందుకు ఇటుకల మీద చిన్న కుండీ బోర్లించి, దాని చిల్లును పెంకుముక్కతో మూసి, పైన పెద్ద కుండీ బోర్లించాలి. కింద పళ్లెంలో నాలుగు కొవ్వొత్తులు. డబ్బా తెరిచాను.

"ఏమే, అన్నీ సగం కాలినవే. యాడివి?" అంది అక్క.

కరెంటు కోతలకు అంగళ్లలో కొవ్వొత్తులు లేవన్నాను. అది నిజమే గాని జవాబు కాదు. అక్క చూపు తిప్పలేదు.

"పోయిన నెల సమాధుల పండుగనాడు బాబు దగ్గర పెట్టినవి. గాలికి ఆరిపోయినాయి. పారేయలేక దాచినా."

"సమాధి మీదివి బాలింత గదిలోకి తెస్తావా? ఇంత చదువుకొని ఇదేం పనమ్మా!" అంది అత్తగారు.

డబ్బా మూసేశాను.

"ఏటేటా పోతాండావా?" అక్క అడిగింది. తల ఊపాను.

"నాతో చెప్పలే."

"నువ్వు ఆ మాట ఎత్తనీవు గదక్కా."

అక్క డబ్బా తీసుకుని తనే తెరిచింది. "అత్తా, ఇవి నా కొడుకువి. వాని చెల్లెలికి పనికొస్తాయి."

అత్తగారు లోపలికెళ్లి అగ్గిపెట్టె తెచ్చింది.

అరగంటకు కుండీ చేయి పెట్టలేనంత కాగింది. గది మాత్రం వెచ్చబడలేదు. పత్రికను అతిగా నమ్మాను. అత్తగారే పాతచీర మడత కుండీ మీద వేసి, తన చెంపకు ఆనించి చూసి, బిడ్డ పాదాలకు చుట్టింది. అట్లా గుడ్డలు మారుస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి పాదాలు వెచ్చబడ్డాయి. ఇది చేసుకునేవాళ్లు గది వెచ్చబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. పక్కన మనిషి ఉండాలి, నిద్రకు ముందు ఆర్పాలి.

నాలుగు గంటల బస్సుకు బయల్దేరితే అక్క గడపదాకా వచ్చింది. "వచ్చే పండక్కి కొత్తవి కొను. గాలికి అడ్డం నేను కూర్చుంటా."

తిరుగు బస్సులో కిటికీ మూతపడక గాలి కొడుతూనే ఉంది. ఒళ్లో బరువు లేదు, వేళ్లకు మైనం వాసన. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు గంటన్నర దారి. అక్కకు రెండేళ్లు పట్టింది. ఇంకా పదకొండు నెలలు పడుతుంది. వస్తుంది.