మూడో ప్రకటన

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాలు బోలెడు. అన్నీ జామకాయల గురించీ, హోంవర్కు గురించీ. సంఘ పెద్దల ముందు నిలబడి ఆడింది మాత్రం ఒక్కటే. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మా తాతయ్యది పాలమూరు వైపు. అక్కడి మెన్నోనైట్ సంఘంలో పుట్టాడు. ఒట్టు పెట్టరు, ఎవరి మీదా చెయ్యెత్తరు, అవునంటే అవును, కాదంటే కాదు, అదీ వాళ్ళ పద్ధతి. పాస్టర్లను తయారుచేసే బడిలో ముప్పై ఏళ్ళు బైబిలు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక అమ్మమ్మ ఊరని నరసన్నపేట వచ్చి ఉండిపోయాడు. ఇక్కడి మా బాప్టిస్టు చర్చి పాస్టరుగారు కూడా ఆయన శిష్యుడే.

మా చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్య ఒకడుండేవాడు. కెమెరా ఫోన్లు ఊళ్ళోకి వచ్చిన కొత్త. అతను ఇంకో కుర్రాణ్ణి ప్రేమిస్తున్నాడని ఒక ఫోటో ఊరంతా తిరిగింది. ఆ ఆదివారం నుంచి అతన్ని చర్చికి రావద్దన్నారు. వాళ్ళమ్మ మాత్రం వచ్చి, చివర చాప మీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. తాతయ్య ఆ వారమే రాయడం మొదలుపెట్టాడు. బైబిల్లో ఆ విషయం మీద ఉన్న వాక్యాలు ఒక్కొక్కటీ విప్పి, ఏ కాలంలో ఎవరికి రాశారో చెప్పి, ఈ పిల్లాణ్ణి ప్రభువు బల్ల దగ్గర, ఆరాధనలో సంఘమంతా పంచుకునే రొట్టె అందుకోవద్దనే అధికారం మనకెవరిచ్చారని అడుగుతూ నలభై పేజీలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మధ్యమధ్య ఉన్న హీబ్రూ అక్షరాలు భలే నచ్చాయి.

ఆ అక్షరాలు కుడి నుంచి ఎడమకి రాస్తారంటే సండే స్కూల్లో ఎవరూ నమ్మలేదు. నమ్మిద్దామని కాగితాలు సంచీలో పెట్టుకుపోయాను. మా తాతయ్యే రాశాడని గొప్పలు పోయాను. టీచరు హీబ్రూ చూసి ముచ్చటపడింది, తర్వాత కింది తెలుగు చదివింది. కాగితాలు నాకు తిరిగివ్వలేదు, తీసుకెళ్ళి సంఘ పెద్దలకిచ్చింది.

అప్పటికి మా పిన్ని పెళ్ళి కుదిరి ఉంది. మా చర్చిల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వరసగా ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. రెండు చదివేశారు. మూడోది చదవాలంటే తాతయ్య తన రాత తప్పని ఒప్పుకోవాలన్నారు పెద్దలు. పిన్ని అన్నం మానేసింది. అమ్మమ్మ ఆయనతో మాటలు మానేసింది. ఇదంతా నా సంచీలోంచి వచ్చిందని తాతయ్యకు తెలుసు, అయినా నన్ను ఒక్క మాట అనలేదు. ఒక దెబ్బ వేసుంటే బావుండేది.

మూడో ఆదివారం ఆరాధనకు ముందు తాతయ్యనీ నన్నూ పాస్టరుగారి గదిలోకి పిలిచారు. కరెంటు లేదు. బయటివాళ్ళు వింటారని కిటికీలు కూడా మూసేశారు. అయిదుగురు పెద్దలు, మేజా మీద ఆ కాగితాలు. వాటి మీద పేరు లేదు, తాతయ్యే రాశాడనడానికి నేను పోయిన గొప్పలే ఆధారం. వాళ్ళలో ఒకాయన, రోజూ మా ఇంటికొచ్చి టీ తాగే మనిషే, నన్ను దగ్గరకు పిలిచాడు.

"భయపడకు పాపా. ఇది మీ తాత రాసిందేనేటి? నువ్వే అన్నావంట. ఉన్నది ఉన్నట్టు సెప్పు."

"గొప్పకి సెప్పానండి. ఎవలో పంపారు. తాతయ్య ఊరికే దాసాడు," అన్నాను.

గదిలో అందరికీ ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. వాళ్ళకీ తాతయ్యను వెలేయాలని లేదు, ఎలా బయటపడాలో తెలీక కూర్చున్నారు పాపం. "మరదే. ఆయన ఇలాటియి రాస్తాడేటి," అంటూ పెద్దాయన కాగితాలు మడతపెట్టాడు. గురువుగారి చేతిరాత ఎరిగిన పాస్టరుగారు కూడా ప్రకటనల పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. ఇక తాతయ్య నోరు విప్పకుండా ఉంటే చాలు. అనకు తాతయ్యా, అనకు అని లోపల మొత్తుకుంటూ ఆయన వైపే చూశాను.

"అది నా చేతిరాతేనయ్యా," అన్నాడు. "పిల్ల నా కోసం భయపడింది. దాన్నేమీ అనకండి."

మూడో ప్రకటన చదవలేదు. విజయనగరంలో పెళ్ళికొడుకు వాళ్ళ పాస్టరుగారు పెద్ద మనసు చేసుకుంటే అక్కడే పిన్ని పెళ్ళి జరిగింది. మా చర్చి నుంచి ఒక్కరూ రాలేదు. తాతయ్యకు ప్రభువు బల్ల ఆపేశారు. పోయేదాకా ప్రతి ఆదివారం వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాడు. రొట్టె పళ్ళెం ఆయన్ని దాటి వెళ్ళిపోయేది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ దారిలో ఏడ్చేశాను. "నిన్ను బయటపడేశాను కదా తాతయ్యా, ఎందుకలా సెప్పీసావు?" అన్నాను, కోపంగానే.

ఎదురొచ్చే ఆటోకి దారిచ్చి, నన్ను రోడ్డు వార వైపుకి మార్చుకున్నాడు. "నన్నైతే బయటపడేశావు తల్లీ. ఆ కీబోర్డు కుర్రాడు అక్కడే ఉండిపోయాడు కదా," అన్నాడు.

ఇప్పుడు మా ఇంటి పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలుస్తున్నారు. ఉద్యోగంలో, సంఘంలో నేనూ ఇలాంటి గదుల్లో చాలాసార్లు ఇరుక్కున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు మెల్లగా దారి చూపిస్తారు. నీ పేరు రాకుండా చూసుకుంటాం, నువ్వు ఊఁ అను చాలు అంటారు. అనబోతాను. అంతలో, నేను వెళ్ళిపోతే ఇక్కడ ఎవరు మిగిలిపోతారని చూస్తాను. చూశాక ఆ ఊఁ నోట రాదు. దీనివల్ల పోగొట్టుకున్నవి చాలానే ఉన్నాయి. ఆయన ఆ ఒక్క పూట ఊరుకుని ఉంటే నేనూ హాయిగా ఊరుకోవడం నేర్చుకునేదాన్ని కదా అని తాతయ్య మీద ఇప్పటికీ అప్పుడప్పుడు కోపం వస్తుంది.