బుధవారం ఉమ్మడి క్లాసు

తిరువూరులో మా డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ శాఖ అంటే నేనొక్కణ్ణే. శాఖాధిపతినీ నేనే, ఆయన మాట వినాల్సిన సిబ్బందీ నేనే. స్టాఫ్ రూములో బదిలీల గురించి, మామిడి ధర గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పొద్దున చెప్పిన పాఠం ఎందుకు కుదరలేదో మాట్లాడదామంటే మాత్రం మనిషి దొరకడు. ఇంట్లో చెబితే, చుట్టూ అంతమంది పిల్లలుండగా ఒంటరితనం ఏమిటని నవ్వుతారు.

మా కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కింద ఉందో, అది కిందటేడు మరో విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. ప్రతి బుధవారం అక్కడ స్టాటిస్టిక్స్ చెప్పే మేడమ్ క్లాసూ నా క్లాసూ తెర మీద కలిసేవి. ఒక వారం ఆమె పాఠం, ఒక వారం నాది. ఒకరు చెబుతుంటే రెండోవారు వినాలి. తర్వాత ఇద్దరం దాని గురించి మాట్లాడుకోవాలి.

మొదటి రోజు తెర మీద మేడమ్ కనబడగానే మా పిల్లలంతా లేచి నిలబడ్డారు. పాఠం చెప్పేవాళ్లు కూర్చోమనేదాకా కూర్చోకపోవడం మా దగ్గర అలవాటు. ఆమెకేమో కెమెరాలో చొక్కాలూ చున్నీలే తప్ప ముఖాలు కనబడలేదు. నేను వెనకాల వైర్లతో కుస్తీ పడుతూ ఇది గమనించలేదు. కాసేపు పాఠం చెప్పి ఆగి, "సార్, మీ క్లాసులో బెంచీలు లేవా అండి?" అని జాలిగా అడిగారామె. పిల్లలు గొల్లుమన్నారు.

రెండో వారం నా పాఠం. అయ్యాక ఫోన్ చేసి, "సార్, ప్రశ్న మీరే వేసి, జవాబూ మీరే చెప్పేస్తున్నారు. పిల్లలకి కాస్త టైమివ్వండి," అన్నారు. ఒళ్లు మండింది. గంపలగూడెం వెళ్లే షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఇంటిదాకా కోపంగానే ఉన్నాను. అన్నం తింటుంటే తట్టింది, ఇన్నేళ్లలో నా పాఠం విని ఒక మాట అన్న మనిషి ఆమె ఒక్కరే. కోపం పోయి చెప్పలేనంత సంతోషం వేసింది.

తర్వాత నా వంతు వచ్చినప్పుడు, అన్నీ లెక్కపెట్టకుండా మొత్తం ఎంతో ఎలా చెబుతామని ప్రశ్న వేసి నోరు మూసుకున్నాను. అదెంత కష్టమో! చివరికి రెడ్డిగూడెం నుంచి వచ్చే అమ్మాయి లేచి, "మా నాన్న కాపు అంచనా కట్టడానికి తోటంతా తిరగడు సార్, నాలుగు చెట్లు చూస్తాడు," అంది. "ఆ నాలుగూ గట్టు పక్కవే అయితే?" అని అటువైపు పట్నం కుర్రాడు అడిగాడు. ఇంకేముంది, రెండు క్లాసులూ వాదనకి దిగాయి. శాంపిల్ ఎలా తీయాలో ఆ రోజు నేను చెప్పలేదు. వాళ్లే తేల్చుకున్నారు.

ఏడాది తిరిగింది. ఒప్పందం పొడిగించమని రాయాలా వద్దా అని ప్రిన్సిపాల్ గారు పిలిచారు.

"మార్కులు పెరిగాయా అండి?"

"ఇంకా లేదండి. కానీ పిల్లలు ప్రశ్నలడుగుతున్నారు."

"ప్రశ్నలకి మార్కులేస్తారా ఏంటి?" అని నవ్వారాయన.

నాకు తోడు దొరికింది సార్ అనే మాట నోటిదాకా వచ్చింది. ఈ వయసులో అదేం మాటని మింగేశాను. ఒప్పందం ఆగిపోయింది.

ఆ తర్వాతి బుధవారం పాఠం నేనొక్కణ్ణే చెప్పాను. రెడ్డిగూడెం అమ్మాయి మళ్లీ లేచింది. "ఫోన్లో వాన డెబ్బై శాతం అని చూపించింది సార్. చుక్క కూడా పడలేదు. అది తప్పు చెప్పినట్టేనా?"

"ఒక్కరోజుతో తేల్చలేమమ్మా."

"మరి ఎన్నాళ్లు చూస్తే తేలుద్ది సార్?"

పిల్లకి ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టడం నాకిష్టం లేకపోయింది. కనుక్కుని చెబుతానన్నాను. వరండాలోకి వచ్చి ఫోన్లో మేడమ్ నంబరు తీశాను. ఇప్పుడు ఒప్పందం లేదు. వాళ్లది పెద్ద శాఖ, చుట్టూ బోలెడంతమంది అధ్యాపకులు. ఆమెకి నాతో ఏం పని? అయినా ఉండబట్టలేక చేశాను.

"ఒక సందేహం అండి. తీరిక లేకపోతే తర్వాత..." అన్నాను.

"అడగండి సార్," అన్నారు మేడమ్, నా మాట పూర్తి కాకముందే. "ఇంతమందిమి ఉన్నాం గానీ, ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు."