రాతికి పొయ్యాల్సిన నీళ్ళు

ఇప్పటికీ యాడన్నా రాయి పగలగొట్టే మిషను చప్పుడు వినిపిస్తే, నోటిదాకా వచ్చిన నీళ్ళ గ్లాసు దించేస్తాను.

అరవైల మొదట్లో, ఉరవకొండ పక్కన రోడ్డు కోసం గుట్ట పగలగొడుతుంటే మా నాయన ఆ గాలి మిషను పట్టేవాడు. అది రాతిలోకి దిగేటప్పుడు దుమ్ము లేయకుండా నీళ్ళు పోస్తా ఉండాల. దానికోసమే ఎడ్లబండి మీద పీపాలతో నీళ్ళు తోలేవాళ్ళు. "రాతికి పొయ్యండప్పా, దుమ్ము మింగితే సస్తారు" అని మేస్త్రీ రోజూ అరిచేవాడు.

మా ఊర్లో బావులన్నీ ఎండిపోయినాయి. మేస్త్రీ అటు తిరగ్గానే, ఆడనే రాళ్ళు మోసే మా అమ్మ పీపాలో బిందె ముంచేది. నాయన చూసీ చూడనట్టు పొడి రాతి మీదనే మిషను ఆడించేవాడు. సాయంత్రం కనురెప్పల దాకా తెల్లగా, పీనుగు లేచొచ్చినట్టు వాకిట్లో నిలబడేవాడు. మేము ఆ నీళ్ళే కడుపునిండా తాగి, ఆయన్ను చూసి నవ్వేవాళ్ళం.

కొన్నేండ్లకు నాయనకు దగ్గు పట్టుకుంది. మనిషి ఎముకల గూడైనాడు.

"పాపం, మీ అమ్మా నాయనా తెలీక చేసినారు" అని ఎవురన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తెలీకేంది? అన్నీ తెలుసు. రాతికి నీళ్ళు తోలినోళ్ళకు, మాకూ ఒక పీపా తోలాలని తోచలేదు.

ఆఖరి రోజు అమ్మ నాయన తల ఎత్తి పట్టుకొని నీళ్ళు నోటికి అందించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"నాకొద్దు మే," అన్నాడు ఊపిరి కూడగట్టుకొని. "ముందు రాతికి పొయ్యి."