వాసెన విప్పని ఆవకాయ

మొన్న నందిగామలో కారం పట్టించడానికి మిల్లుకి వెళ్ళాను. ఎండుమిరప ఘాటుకి ముందు ముక్కు, తర్వాత కళ్ళు, ఆఖరికి గొంతు లొంగిపోతుంటే కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. గోడ మీద టీవీలో, ఎక్కడో ఒక దేశం అణుబాంబు చేసుకోబోతోందని, చేసుకోనిచ్చేది లేదంటూ ఇంకో దేశం విమానాలు పంపిందని చెబుతున్నారు. నా వెనకాయన తుమ్ముతూనే, "బాంబులు వెయ్యాల్సిందే" అన్నాడు. మా అమ్మమ్మే ఉంటే, తుమ్మి ఇంతమాట అన్నందుకు ఆయన్ని అక్కడే కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి గానీ కదలనిచ్చేది కాదు.

అమ్మమ్మగారి ఊరు జగ్గయ్యపేట నుంచి వత్సవాయి పోయే దారిలో. పరీక్షలైన మర్నాడే అమ్మ మమ్మల్ని బస్సెక్కించేది. దిగగానే రోడ్డుకి రెండువైపులా కళ్లాల్లో ఆరబోసిన ఆఖరి కోత మిరపకాయలు, ఆ ఎరుపు మీంచి వచ్చే వేడిగాలి, చెప్పుల్లేని కాళ్ళతో నీడ నుంచి నీడకి మా పరుగులు, ఇంటికి చేరేసరికి కుండలో చల్లటి మజ్జిగ, తాటాకు పందిరి కింద మంచం మీద ముంజలు, పక్కనే తాతయ్య రేడియో. తాతయ్యకి వార్తలంటే ప్రాణం. మన వాళ్ళు ఎడారిలో అణుపరీక్షలు చేసిన వేసవిలో ఆయన జగ్గయ్యపేట నుంచి బుట్టెడు జిలేబీ తెప్పించి వీధి వీధంతా పంచాడు. "ఇంక మన జోలికి ఎవడొస్తాడో చూద్దాం" అని మీసం తడుముకున్నాడు. తర్వాత కొద్దిరోజులకే అవతలివాళ్ళూ పేల్చారు. ఆ రోజు రేడియో కాస్త ముందుగానే కట్టేశాడు.

మా ఒక్కగానొక్క మామయ్య సేద్యం రుచించక సైన్యంలో చేరాడు. పార్లమెంటు మీద దాడి తర్వాత రెండు సైన్యాలూ సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డ ఏడాది, ఆయన రాజస్థాన్ వైపు ఉన్నాడు. ఆదివారం పూట కిరాణా కొట్టు ఫోనుకి చేసేవాడు, చలికాలం దాటాక అదీ ఆగిపోయింది. వేసవికి మేం వెళ్ళేసరికి ఇల్లు ఇల్లులా లేదు. పేపర్లో ఊళ్ళ చుట్టూ గుండ్రాలు గీసి, బాంబు పడితే ఎక్కడిదాకా కాలుతుందో బొమ్మలు వేస్తున్నారు. పైకి చదివి వినిపించే తాతయ్య ఆ పేపరు నాలుగు మడతలు పెట్టి తలగడ కింద దాచేవాడు. అమ్మమ్మకి చదువు రాదు, అయినా ఆ గుండ్రాలు చూసింది. మేం వేపకాయలు విసురుకుంటూ "ఢాం" అని అరిస్తే చీపురు పుచ్చుకుని వెంటపడింది. భయం పెద్దవాళ్ళ నుంచి మాకూ పాకింది. కొట్టాయన మా ఇంటి వైపు వస్తుంటే చాలు, అందరం ఆయన మొహం చూసేవాళ్ళం.

ఆవకాయ మాత్రం ఆపలేదు. కత్తిపీట ముందు అమ్మ, ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడుస్తూ మేము, కొత్త కారం, ఆవపిండి, వెల్లుల్లి కలిసిన వాసనతో వసారా అంతా మండిపోతుంటే అమ్మమ్మ కలిపింది. పెద్ద జాడీకెత్తి, గుడ్డతో వాసెన గట్టిగా కట్టి, వేదాద్రి నరసింహస్వామి ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది.

"నా బిడ్డ ఇంటికొచ్చిందాకా ఈ వాసెన ఇప్పేది లేదు సామీ."

మూడోనాడు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె పోయకపోతే ఆవకాయ నిలవదని తెలియని ఆడది ఆ ప్రాంతంలో లేదు. "బూజొస్తుందమ్మా, ఏడాది తిండి" అంది అమ్మ. "రానియ్" అంది అమ్మమ్మ. తాతయ్య నచ్చజెప్పబోయాడు.

"మన దగ్గరా ఉందిగా బాంబు, వాళ్ళు తొందరపడర్లే."

"వాళ్ళూ అట్టాగే అనుకుంటన్నారేమో! ఆ జిలేబీ నేనూ తిన్నా. తిన్న నోటికి బుద్ధి లేకపోయింది."

ఆ వేసవంతా వాళ్ళిద్దరూ మళ్ళీ సరిగ్గా మాట్లాడుకోలేదు. మేం చప్పిడి పప్పన్నం తిని నందిగామ తిరిగొచ్చేశాం.

దసరా వెళ్ళాక సైన్యాలు వెనక్కి తగ్గాయి. మామయ్య వస్తున్నాడని తెలిసి మేమూ వెళ్ళాం. ఎండకి నల్లబడి, చెంపలు లోపలికి పోయి, ఆయన గుమ్మంలో నిలబడితే అమ్మమ్మ ఏడవలేదు, తిన్నగా వెళ్ళి వాసెన విప్పింది. పైన తెల్లగా మందంగా బూజు. గరిటెతో అంతా తీసి పారేసి, అడుగున ఎర్రగా మిగిలింది తీసి, వేడన్నంలో నెయ్యి వేసి పెట్టింది. మామయ్య ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

"బాలేదా అయ్యా?"

"బాగుందమ్మా. ఆవ వాసనకి గుర్తొచ్చింది. అక్కడ బోర్డరు పక్కనంతా ఆవ చేలే. అప్పుడు పూత మీదున్నాయి. ఆ చేలల్లోనే మందుపాతరలు పెట్టాం."

గడప దగ్గర కూర్చున్న తాతయ్య తలెత్తాడు. "ఎవరి పొలం?"

"మనవాళ్ళదే నాన్నా. ఒక ముసలాయనది. మేం పాతుతుంటే గట్టు మీద నిలబడి చూశాడు."

"మరి తీశారా?"

"తీస్తన్నారు. అన్నీ దొరకవు."

తాతయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మరి ఆయన మళ్ళీ దున్నేదెట్టా రా?" అన్నాడు. అమ్మమ్మ లేచి ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది, ఆ వేసవి గొడవ తర్వాత తాతయ్యకి తన చేత్తో ఇవ్వడం అదే మొదలు.

ఆ వసారా ఇప్పుడు లేదు. కళ్లాలున్న చోట ప్లాట్ల రాళ్ళు పాతారు, జాడీలు పోయి ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి, అమ్మమ్మా తాతయ్యా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. యుద్ధం కబుర్లు మాత్రం పెరిగాయి. మా బంధువుల ఫోన్ గ్రూపులో ఎవరి క్షిపణి ఎంత దూరం పోతుందో పిల్లలు కూడా చెప్పేస్తారు, దాని కింద చప్పట్ల బొమ్మలు వరస కడతాయి. అది పడేది ఎవరి పొలంలో అని అడిగే మనిషి లేడు. రిటైరై వచ్చి తాతయ్య పొలం చేసుకుంటున్న మామయ్య కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. అన్నీ చూస్తాడు, ఏమీ రాయడు.